నాలుగు కొత్త నాటికలు, ఒకే సాయంత్రం: స్క్రిప్టు ఎంపిక నుంచి సామాను అప్పగించే దాకా

చిన్న నాటికల సాయంత్రం ఎలా చేయాలో చెప్పమని అడిగేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఒకేసారి రాసేస్తే నయమనిపించింది.

నేను లెక్కలోకి తీసుకున్నది ఇది: పావుగంట నుంచి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు నడిచే కొత్త నాటికలు నాలుగు. నలుగురు రచయితలు, నలుగురు దర్శకులు. స్టేజి ఒక్కటే. ప్రేక్షకులు వంద నుంచి నూట యాభై మంది. నాటక పరిషత్తులు పెట్టే పోటీల పద్ధతి దీనికి పనికిరాదు. అక్కడ ఏ నాటక సమాజం సెట్టింగ్ ఆ సమాజమే తెచ్చుకుంటుంది, మధ్యలో అరగంట పట్టినా జనం టీ తాగొచ్చి కూర్చుంటారు. ఇరవై నిమిషాల నాటికకు అరగంట ఎదురుచూడమంటే ఎవరూ చూడరు.

నాటిక నడుస్తుండగా లేచి వెళ్లేవాళ్లు తక్కువ, మర్యాద అడ్డొస్తుంది. చీకట్లో బల్లలు ఈడ్చే చప్పుడు ఆరేడు నిమిషాలు వినాల్సొస్తే మాత్రం లేస్తారు. నేను చూసిన చెడిపోయిన సాయంత్రాల్లో ఎక్కువ భాగం అలా మధ్యలో చెడిపోయినవే. అందుకే ఇందులో చాలా సంగతులు ఆ మధ్య నిమిషాల దగ్గరికే వస్తాయి.

## 1. ముందు హాలు చూడండి, తేదీ తర్వాత

హాలు పెద్దదైతే గొప్పగా ఉంటుందనుకోవడం మొదటి పొరపాటు. హైదరాబాద్ రవీంద్రభారతి, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాళ్లలో నూట ఇరవై మంది కూర్చుంటే ఖాళీ కుర్చీలే కనపడతాయి. స్టేజి మీద ఇద్దరు నటులు అగ్గిపుల్లల్లా ఉంటారు. బంజారాహిల్స్ లామకాన్ లాంటి చిన్న చోటు, లేదా కాలేజీ సెమినార్ హాలు ఇలాంటి నాటికలకు బాగా అమరుతుంది.

చూడటానికి పగలు ఒకసారి, నాటిక వేసే వేళకు ఒకసారి వెళ్లండి. పగలు నిశ్శబ్దంగా ఉన్న వీధిలో సాయంత్రం ఏడింటికి గుడి మైకు మోగొచ్చు, పక్క ఫంక్షన్ హాలు బ్యాండు దిగొచ్చు.

హాల్లో నిలబడి చూసుకోవాల్సినవి:

☐ స్టేజి వెడల్పు, లోతు, ఎత్తు టేపుతో కొలిచి రాసుకున్నారా
☐ పక్కన వింగ్స్ (నటులు ప్రేక్షకులకు కనపడకుండా నిలబడే చోటు) ఉన్నాయా, ఒక వైపు నుంచి మరో వైపుకు వెనకాల దారి ఉందా
☐ ఫ్యాన్లు, ఏసీ ఆన్ చేసి వెనక వరసలో కూర్చుంటే స్టేజి మీద మామూలు గొంతు వినపడుతోందా
☐ లైట్లన్నీ ఆపితే నిజంగా చీకటి అవుతుందా (కిటికీలు, గ్రీన్ రూమ్ తలుపు సందు, ఎగ్జిట్ బోర్డు)
☐ ముందు రోజు రాత్రి హాలు ఇస్తారా, ఎన్ని గంటలు
☐ జనరేటర్ ఉందా, ఉంటే స్టేజి లైట్లకూ వస్తుందా, ట్యూబ్‌లైట్లకేనా
☐ గ్రీన్ రూమ్‌లో నీళ్లు, అద్దం, గొళ్లెం ఉన్నాయా

ముందు రోజు హాలు దొరకకపోతే ఆ తేదీ వదిలేయండి. ఈ ఒక్క విషయంలో రాజీ పడొద్దు. నాలుగు నాటికలకు టెక్నికల్ రిహార్సల్ (లైట్లు, సౌండు, సామాను మార్పులు సరిచూసుకునేది) అదే రోజు ఉదయం చేసేద్దామనుకుంటే నాలుగోదానికి రిహార్సల్ ఉండదు. నేను రెండుసార్లు ప్రయత్నించి చూశాను, రెండుసార్లూ అదే అయింది.

## 2. స్టేజి మేనేజర్ ఒక్కరే

నలుగురు దర్శకులు ఉన్నచోట సాయంత్రం మొత్తం మీద అధికారం ఒకరికి ఉండాలి. ఆ మనిషి దర్శకుడు కాకూడదు, నటించకూడదు, నిర్వాహకుడిగా అతిథుల్ని ఆహ్వానించే పనీ నెత్తిన వేసుకోకూడదు. మూడో గంట (ఆట మొదలవుతోందని చెప్పే ఆఖరి బెల్లు) మోగాక ఆయనో ఆవిడో చెప్పిందే మాట.

మొదటి సమావేశంలోనే దర్శకులందరి ముందూ ఈ మాట అనేయండి. చివరి రోజు చెబితే గొడవ.

## 3. స్క్రిప్టులు పిలవడం, ఎంచుకోవడం

ప్రకటనలో "చిన్న నాటికలు పంపండి" అని ఊరుకుంటే గంట నాటికలు వస్తాయి. మన రచయితలకు పరిషత్తు కొలతే అలవాటు. అందుకని కొలత స్పష్టంగా రాయండి: చదివితే 18 నిమిషాలు దాటకూడదు, పాత్రలు అయిదుకు మించకూడదు, రంగం ఒక్కటే, ఇంతకుముందు ఎక్కడా ప్రదర్శించినది కాకూడదు.

పేజీల లెక్క నమ్మొద్దు. ఒక ఏ4 పేజీ నిమిషమూ పట్టొచ్చు, రెండు నిమిషాలూ పట్టొచ్చు. ఇద్దరు కూర్చుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, పైకి చదవాలి. ఆ వచ్చిన సమయానికి నాలుగో వంతు కలపండి. నడకలు, మౌనాలు, నవ్వులు అందులో పడతాయి. 16 నిమిషాల చదువు స్టేజి మీద 20 నిమిషాలవుతుంది.

రచయితల పేర్లు తీసేసి ముగ్గురికి ఇవ్వండి. ముగ్గురిలో ఒకరైనా స్టేజి పని తెలిసినవాళ్లు ఉండాలి. సాహిత్యం బాగుందని ఇద్దరు మెచ్చుకున్న నాటికలో మూడో నిమిషంలో వాన, ఏడో నిమిషంలో బస్సు ఉన్నాయని గమనించేది ఆ మూడో మనిషే.

నేను పక్కన పెట్టేవి ఇవి:

- కబుర్లు మొదలై అయిదు నిమిషాలైనా ఎవరికి ఏం కావాలో తెలియనివి
- ఫోన్ సంభాషణలతోనే కథంతా నడిచేవి
- చివర్లో ఒక పెద్దాయన వచ్చి నీతి చెప్పి ముగించేవి
- "లైట్లు ఆరి వెలుగును, ఆరు నెలలు గడిచెను" అని మూడు నాలుగు చోట్ల ఉన్నవి

ఆఖరిది ఆలోచించండి. ఒక్కో బ్లాకవుట్ కనీసం పదిహేను సెకన్లు తింటుంది. ఇరవై నిమిషాల్లో నాలుగు బ్లాకవుట్లంటే ప్రేక్షకుడు నిమిషం సేపు చీకట్లో కూర్చున్నట్టే. రచయితతో మాట్లాడి వాటిని ఒకటికి తగ్గించవచ్చు, చాలామంది ఒప్పుకుంటారు.

మాండలికం సంగతి ఎంపికప్పుడే చూసుకోవాలి. శ్రీకాకుళం యాసలో రాసిన నాటికను ఆ యాస వినని నటుడికి ఇస్తే రెండో వాక్యానికే వెక్కిరింపులా వినపడుతుంది. ఆ ప్రాంతం మనిషి చేత స్క్రిప్టు మొత్తం చదివించి రికార్డు చేసి నటులకు ఇవ్వండి. అప్పటికీ నోరు తిరగకపోతే, రచయిత అనుమతితో నటుడికి వచ్చిన భాషలోకి మార్చుకోవడమే మేలు.

## 4. రచయితతో ఒక పేజీ కాగితం

కొత్త నాటిక కాబట్టి ఇది తప్పదు. స్నేహితుడే కదా అని వదిలేసినచోటే తర్వాత మాటలు వస్తాయి. రచయిత సంతకంతో ఒక పేజీ చాలు. అందులో ఉండాల్సినవి: ఎన్ని ప్రదర్శనలకు అనుమతి, ఏ తేదీల్లో, పారితోషికం ఎంత, వీడియో తీయవచ్చా, యూట్యూబ్‌లో పెట్టవచ్చా, మాటలు మార్చాలంటే ఎవరిని అడగాలి.

గడువు రాయడం మర్చిపోవద్దు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒప్పందంలో కాలం రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే దేశమంతటికీ అని లెక్క. ఒక్క సాయంత్రం ఆటకు రచయిత అయిదేళ్లు ఇరుక్కోవాల్సిన పని లేదు. "ఫలానా రెండు తేదీలకు మాత్రమే" అని రాస్తే ఇద్దరికీ క్షేమం.

## 5. వరస: ఏది ముందు, ఏది తర్వాత

వరస కాగితం మీద నిర్ణయించేటప్పుడు మూడు సంగతులు ఒకదాన్నొకటి లాగుతుంటాయి: నాటిక మూడ్, స్టేజి మీద సామాను, నటుల వేషం మార్పు.

మొదటిది చురుగ్గా, తక్కువ సామానుతో ఉండాలి. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఎలాగూ ఉంటారు కాబట్టి మొదటి రెండు నిమిషాలు తప్పిపోయినా అర్థమయ్యేది అయితే ఇంకా మంచిది. బరువైనది రెండోదిగానో నాలుగోదిగానో పెట్టండి. హాస్యం రెండూ పక్కపక్కన వద్దు, రెండోదానికి నవ్వు రాదు.

స్టేజి తడిసే నాటిక, అన్నం మెతుకులో పూలో చల్లే నాటిక, గాజు పగిలే నాటిక ఏదైనా ఉంటే దాన్ని విరామానికి ముందుగానీ, అన్నిటికన్నా చివరగానీ పెట్టాలి. తుడవడానికి సమయం దొరుకుతుంది. చీకట్లో చేసే తుడుపు తుడుపు కాదు, తర్వాతి నాటికలో ఎవరో ఒకరు జారతారు.

ఒకే నటుడు రెండు నాటికల్లో ఉంటే మధ్యలో కనీసం ఒక నాటిక గ్యాప్ ఉండాలి. గమ్‌తో అంటించిన మీసం తీసి, తెల్లరంగు వేసిన జుట్టు కడుక్కుని మళ్లీ కుర్రాడు కావడానికి మూడు నిమిషాలు చాలవు.

కాలపట్టిక ఇలా వేసుకోవచ్చు:

- 6:00 హాలు తలుపులు తీయడం
- 6:30 మూడో గంట, మూడు నిమిషాల ప్రకటన
- 6:33 మొదటి నాటిక (20 నిమిషాలు)
- 6:53 సామాను మార్పిడి (3 నిమిషాలు)
- 6:56 రెండో నాటిక (15 నిమిషాలు)
- 7:11 విరామం (15 నిమిషాలు)
- 7:26 మూడో నాటిక (18 నిమిషాలు)
- 7:44 సామాను మార్పిడి (3 నిమిషాలు)
- 7:47 నాలుగో నాటిక (22 నిమిషాలు)
- 8:09 అందరి పరిచయం, నమస్కారాలు
- 8:15 రచయితలతో మాటామంతీ (20 నిమిషాలు, ఉండాలనుకున్నవాళ్లకు)

జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, శాలువాలు ఎక్కడ అని అడుగుతారు. నా సలహా ఒకటే: మూడో గంటకు ముందు, 6:15కి, పది నిమిషాల్లో. ఆహ్వానపత్రికలో ఆ సమయమే వేయండి. అతిథి ఆలస్యమైతే చివర్లో ఆయన చేత రచయితలకు జ్ఞాపికలు ఇప్పించండి, ఆయనా సంతోషిస్తారు. రెండు నాటికల మధ్య మాత్రం ఎవరికీ మైకు ఇవ్వొద్దు. ఇస్తే తిరిగి తీసుకోవడం మీ వల్ల కాదు. అమెరికాలో స్కూలు ఆడిటోరియం తీసుకుని చేసే మనవాళ్లు దీపం వెలిగించే విషయం హాలువాళ్లను ముందే అడగాలి. చాలాచోట్ల లోపల నిప్పు ఒప్పుకోరు, బ్యాటరీ దీపమే గతి.

## 6. ఉమ్మడి సామాను

ప్రతి నాటికకూ వేరే సోఫా, వేరే మంచం, వేరే గోడ అంటే సాయంత్రం మొత్తం మోతబరువే. మొదటి సమావేశంలోనే దర్శకుల ముందు ఉమ్మడి సామాను జాబితా పెట్టండి. నేను వాడేది ఇది: అడుగున్నర కొలతతో ఆరు చెక్క డబ్బాలు (అన్నిటికీ ఒకే నల్లరంగు), ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక నులక మంచం, వెనకాల నల్ల తెర. డబ్బాలు కలిపితే అరుగు అవుతుంది, బస్టాండు బెంచీ అవుతుంది, ఒకదాని మీద ఒకటి పెడితే టీకొట్టు అవుతుంది.

దీనికి అదనంగా ఒక్కో నాటికకూ తనదంటూ ఒకటే పెద్ద వస్తువు. చేతిలో పట్టే వస్తువులకు పరిమితి లేదు, కానీ అవన్నీ ఒకే ప్లాస్టిక్ టబ్బులో పట్టాలి. టబ్బు మీద నాటిక నంబరు పెద్దగా రాయండి.

డబ్బాలు ఎక్కడ పెట్టాలో నేలమీద రంగు టేపుతో మూలలు గుర్తుపెట్టాలి. నాటికకో రంగు. చీకట్లో రంగులు తెలియవు కాబట్టి టేపు ముక్క మీదే మార్కర్‌తో నంబరు వేసి, పక్కన మెరిసే రేడియం టేపు గోరంత అంటించండి. గోరంత చాలు. ఒకసారి మా కుర్రాళ్లు ఉత్సాహం కొద్దీ స్టేజంతా అంటించారు. బ్లాకవుట్‌లో ప్రేక్షకులకు నక్షత్రమండలం కనపడింది.

## 7. రిహార్సళ్ల క్యాలెండర్

ప్రదర్శన రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

- 60 రోజుల ముందు: నాలుగు నాటికలు ఖాయం, దర్శకులు ఖాయం
- 45: రచయిత ఎదురుగా నటులు పైకి చదవడం. ఇక్కడే సగం కోతలు జరుగుతాయి
- 30: స్క్రిప్టు పుస్తకం పట్టుకుని నడకలు
- 15: మాటలు ఇక మారవు
- 10: పుస్తకం లేకుండా, ఉమ్మడి సామానుతో
- 7: నలుగురి నాటికలూ ఒకేచోట, అనుకున్న వరసలో, గడియారం పెట్టి
- 1: టెక్నికల్ రిహార్సల్

పదిహేను రోజుల గీత దగ్గర గట్టిగా ఉండండి. కొత్త నాటిక రాసిన రచయితకు ప్రతి రిహార్సల్‌లోనూ ఒక మంచి వాక్యం తడుతుంది. వారం ముందు మార్చిన వాక్యం నటుడి నోట్లో పాతదానితో కలిసి మూడో వాక్యంగా బయటికొస్తుంది. ఆ తర్వాత తట్టినవి ఆయన్నే నోట్‌బుక్‌లో రాసుకోమనండి, తర్వాతి ప్రదర్శనకు పనికొస్తాయి.

ఏడు రోజుల ముందు నాలుగూ కలిపి ఆడి చూసే ఆ రిహార్సల్ చాలామంది ఎగ్గొడతారు. అదే ముఖ్యమైనది. అప్పటిదాకా ఒక దర్శకుడికి మిగతా మూడు నాటికలు ఏంటో తెలియదు. రెండు నాటికల్లో ఒకే ఆరంభ సంగీతం ఉందనీ, మూడింటిలో తండ్రి ఈజీచైర్‌లో కూర్చుని దగ్గుతున్నాడనీ ఆ రోజే తెలుస్తుంది.

## 8. లైట్లు, కరెంటు లెక్క

నాలుగు నాటికలకూ కలిపి ఒకటే సాధారణ వెలుగు: ముందు నుంచి స్టేజంతా పడే లైట్లు, వాటిలో ఒక జత కాస్త పసుపు, ఒక జత కాస్త నీలం. దానిపైన నాటికకు రెండు ప్రత్యేక లైట్ల చొప్పున. అంతకు మించి అడిగే దర్శకుడికి అవి ఎప్పుడు, ఎందుకు వెలుగుతాయో కాగితం మీద రాసివ్వమనండి. చాలాసార్లు కాగితం రాదు.

పాత రకం వెయ్యి వాట్ల పార్ లైట్లు అద్దెకు తెస్తే ఈ లెక్క గుర్తుంచుకోండి. 230 వోల్టుల దగ్గర 16 ఆంపియర్ల సాకెట్ మోసేది దాదాపు 3,600 వాట్లు. అంటే అలాంటి లైట్లు మూడు. నాలుగోది అదే బోర్డులో పెడితే ట్రిప్ అవుతుంది, లేదా వైరు కాలుతుంది. పది లైట్లంటే 10,000 వాట్లు, నలభై మూడు ఆంపియర్లకు పైనే. హాలు ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడకుండా అది ముట్టుకోవద్దు. ఎల్ఈడీ లైట్లయితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, వేడి కూడా తక్కువ.

సౌండు, ల్యాప్‌టాప్, లైట్ బోర్డు ఒక యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు బోర్డు ఆగితే మళ్లీ తెరుచుకోవడానికి పట్టే నిమిషం చాలా పొడుగ్గా ఉంటుంది.

లైటు మార్పులకు (వాటినే క్యూలు అంటాం) నంబర్లు ఇలా ఇవ్వండి: మొదటి నాటికవి 101 నుంచి, రెండోదానివి 201 నుంచి. "క్యూ 5" అంటే ఏ నాటిక అయిదో ఎవరికీ తెలియదు, "305" అంటే సందేహం లేదు.

## 9. సౌండు

వంద మంది హాల్లో మైకులు వద్దు. పైనుంచి వేలాడే మైకు నటుడి గొంతు కన్నా ఫ్యాన్ గాలిని బాగా పట్టుకుంటుంది. కాలర్ మైకు పట్టుచీర మీద రాసుకుంటే సముద్రపు హోరు. వెనక వరసలో దర్శకుడు కూర్చుని "వినపడటం లేదు" అని చెయ్యెత్తే అలవాటు రిహార్సల్ మొదటి వారం నుంచే పెట్టుకుంటే గొంతులు వాటంతటవే లేస్తాయి. తప్పనిసరై మైకు వాడితే నాలుగు నాటికలకూ వాడండి. ఒకదానికి మైకుండి తర్వాతిదానికి లేకపోతే రెండోది నీరసంగా వినిపిస్తుంది.

సంగీతం, శబ్దాలు అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో, ఒకే ఫోల్డర్‌లో, 1-01, 1-02, 2-01 అని వరస పేర్లతో. అన్నిటి వాల్యూమ్ ఒక స్థాయికి తెచ్చి పెట్టుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ. ల్యాప్‌టాప్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉండాలి, స్క్రీన్ ఆరిపోకుండా సెట్టింగ్ మార్చాలి. మా నాటికలో ఒకసారి తల్లి చనిపోయిన క్షణంలో స్పీకర్లోంచి వాట్సాప్ టింగుమంది. ఆ ల్యాప్‌టాప్ నాదే.

సినిమా పాట, ఆల్బమ్ సంగీతం వాడితే లైసెన్స్ కావాలి. పాట రచనకూ స్వరానికీ ఐపీఆర్ఎస్, రికార్డింగుకు పీపీఎల్ లాంటి సంస్థలు ఉన్నాయి. నాటిక వీడియో యూట్యూబ్‌లో పెడితే అదే పాట మళ్లీ అడ్డొస్తుంది. ఊళ్లో డప్పు, ఫ్లూటు వాయించగల కుర్రాడిని వెతకడం అన్ని విధాలా సుఖం.

## 10. మూడు నిమిషాల మార్పిడి

పెళ్లి భోజనాల్లో మొదటి బంతి లేచి రెండో బంతి కూర్చునే మధ్యలో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఆకులు ఎత్తేవాడు ఆకులే ఎత్తుతాడు. తుడిచేవాడు అతని వెనకే వస్తాడు. కొత్త ఆకులు వేసేవాడు, గ్లాసులు పెట్టేవాడు ఒకరి తర్వాత ఒకరు. ఎవరూ ఎవరినీ "ఇప్పుడు ఏం చేయమంటారు" అని అడగరు. ఇక్కడా అంతే.

నలుగురు మనుషులు చాలు. ఎక్కువైతే ఢీకొంటారు. నల్ల దుస్తులు, రబ్బరు అడుగు చెప్పులు లేదా మేజోళ్లు.

వరస:

1. లైట్లు ఆరాక నటులు బయటికి. చేతిలో ఉన్న వస్తువు తమతోనే తీసుకెళ్లాలి, స్టేజి మీద వదలకూడదు.
2. స్టేజి మేనేజర్ మార్పిడి లైటు వేయిస్తారు: మసక నీలం. పూర్తి చీకట్లో పని చేయించొద్దు, వేళ్లు నలుగుతాయి.
3. మొదటి ఇద్దరు పాత నాటిక వస్తువులు మాత్రమే తీస్తారు.
4. మూడో మనిషి పొడి గుడ్డ కట్టిన కర్రతో నేల ఒక్కసారి తుడుస్తారు, ఏమీ చిందకపోయినా సరే.
5. నలుగురూ కలిసి డబ్బాలు కొత్త గుర్తుల మీదకు. ఎత్తాలి, ఈడ్వకూడదు.
6. చిన్న వస్తువుల టబ్బు నాలుగో మనిషి బాధ్యత. జాబితా చూస్తూ పెట్టాలి, జ్ఞాపకం మీద కాదు.
7. తర్వాతి నాటిక దర్శకుడు వింగ్‌లో నిలబడి చూసి బొటనవేలు చూపిస్తారు. స్టేజి మీదకు రారు.
8. నీలం లైటు ఆరుతుంది, నటులు తమ చోట్లకు, తర్వాత మొదటి క్యూ.

ఒక నియమం గోడ మీద రాసి పెట్టండి: వెళ్లేటప్పుడు చేతిలో ఒకటి, వచ్చేటప్పుడు చేతిలో ఒకటి. ఖాళీ చేతులతో ఎవరూ స్టేజి దాటకూడదు.

ఈ మార్పిడిని నాటికలాగే రిహార్సల్ చేయాలి, గడియారం పెట్టి. మొదటిసారి ఏడు నిమిషాలు పడుతుంది. నాలుగోసారికి మూడున్నరకు వస్తుంది. అక్కడ ఆగిపోతే మనుషుల్ని పెంచొద్దు, సామాను తగ్గించండి.

ఈలోగా ప్రేక్షకుడికి ఏం ఇవ్వాలి? వ్యాఖ్యాత జోకులు వద్దు. నిండా మూడు నిమిషాలు నడిచే ఒకే సంగీతం, ప్రతి మార్పిడికీ అదే. రెండోసారి వినగానే "ఆహా, మారుస్తున్నారు" అని అర్థమై స్థిమితంగా కూర్చుంటారు. తర్వాతి నాటిక పేరు, రచయిత పేరు వెనక తెర మీద ప్రొజెక్టర్‌తో వేయగలిగితే వేయండి, లేకపోతే చేతిలో ఒక పేజీ కార్యక్రమ పత్రం చాలు. నీలం వెలుగులో నలుగురు ఒక లయలో పనిచేయడం చూడటానికి కూడా బాగానే ఉంటుంది. ఒకసారి ఒక ముసలాయన నాటికల గురించి ఒక్క మాటా అనకుండా "ఆ డబ్బాలు మోసిన పిల్లలు భలే చేశారండీ" అని వెళ్లిపోయారు. ఆయన మాట మెచ్చుకోలో కాదో రచయితలు ఇప్పటికీ తేల్చుకోలేదు.

## 11. టెక్నికల్ రిహార్సల్

నాటికకు గంట చొప్పున, మధ్యలో మార్పిడులకు గంట, మొత్తం అయిదు గంటలు. నటన గురించి ఆ రోజు మాట్లాడటం నిషేధం. ఒక క్యూ నుంచి ఇంకో క్యూకు దూకుతూ వెళ్లాలి: క్యూకు ముందు రెండు వాక్యాలు, క్యూ, తర్వాత ఒక వాక్యం, ఆపు, తర్వాతి క్యూ. సరిగా రాని క్యూ వెంటనే మళ్లీ.

నాలుగో నాటికతో మొదలుపెట్టి మొదటిదాన్ని ఆఖరున చేయండి. అప్పుడు ముగిసేసరికి స్టేజి మర్నాటి మొదటి నాటికకు సిద్ధంగా ఉంటుంది.

స్టేజి మేనేజర్ చేతి పుస్తకంలో ప్రతి క్యూకూ మూడు విషయాలు: ఏ మాట తర్వాత, ఏం మారాలి, ఎంత సేపట్లో. పిలిచే పద్ధతి కూడా ఒకటే: "రెడీ 305" అని ముందు, "305 గో" అని సమయానికి. "గో" అన్న మాట ఆ సాయంత్రం ఇంకెందుకూ వాడకూడదు. టీ తాగి రమ్మనడానికి అస్సలు వాడకూడదు.

నిజం దీపం, బీడీ, అగరొత్తి ఏది ఉన్నా ముందు హాలు అనుమతి, వింగ్‌లో ఇసుక బకెట్టు, తడిపిన గోనెసంచి, దాన్నే చూస్తూ నిలబడే ఒక మనిషి.

## 12. అనుమతులు, టికెట్లు, డబ్బు

ఏ అనుమతులు కావాలో హాలువాళ్లనే రాతపూర్వకంగా అడగండి. పోలీసు అనుమతి అడిగితే కనీసం రెండు వారాల ముందు దరఖాస్తు పెట్టండి. ఆరుబయట చేస్తే రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకర్ ఉండకూడదు.

టికెట్ పెట్టాలా వద్దా? పెట్టండి, వంద రూపాయలైనా సరే. ఉచితం అంటే వస్తామన్న వాళ్లలో సగం మంది రారు. నాటక ప్రదర్శన ప్రవేశం మనిషికి 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది, మీ ఆడిటర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

బడ్జెట్‌లో అందరూ మర్చిపోయే పద్దులు:

☐ హాలు అద్దె మీద జీఎస్టీ, తిరిగొచ్చే డిపాజిట్
☐ గంట దాటితే అదనపు అద్దె
☐ జనరేటర్ డీజిల్
☐ సామాను తెచ్చే ఆటో ట్రాలీ, రానూపోనూ
☐ ముప్పై మందికి రెండు రోజులు టిఫిను, టీ, నీళ్లు
☐ వాచ్‌మన్, ఊడ్చే ఆవిడ, ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వాల్సినవి

## 13. ఆ రోజు

మధ్యాహ్నం రెండుకల్లా అందరూ హాల్లో ఉండాలి. మూడింటికి మార్పిడి డ్రిల్ రెండుసార్లు. నాలుగింటికి టిఫిన్. ఆకలితో ఉన్న నటుడు మాటలు మర్చిపోతాడు, పుల్లట్లు తిన్న నటుడు స్టేజి మీద తేన్పుతాడు, కాబట్టి ఇడ్లీ.

మొదటి గంట 6:15, రెండోది 6:25, మూడోది 6:30. ఇరవై మందే వచ్చినా మూడో గంట 6:30కే. "ఇంకా పది నిమిషాలు చూద్దాం" అనే మాట వేళకు వచ్చిన ఇరవై మందినీ అవమానించినట్టు. మూడో గంట తర్వాత వచ్చినవాళ్లను నాటిక మధ్యలో కాకుండా మార్పిడి సమయంలో లోపలికి పంపాలి. తలుపు దగ్గర దానికి ఒక గట్టి మనిషి కావాలి. బంధువుల్లో ఎవరైనా పెద్దమ్మ ఉంటే సరిపోతుంది, ఆవిడ మాట ఎవరూ కాదనరు.

జరగగల తిప్పలు, చేయాల్సినవి:

- నటుడు మాట మరిచాడు. వింగ్‌లో ప్రాంప్టర్ తర్వాతి వాక్యంలో మొదటి రెండు ముక్కలు మాత్రమే అందించాలి. పూర్తి వాక్యం చదివితే ప్రేక్షకులే ముందు వింటారు.
- నాటిక అయిదు నిమిషాలు ఎక్కువ నడిచింది. విరామంలోంచి కోయండి, మార్పిడిలోంచి వద్దు.
- కరెంటు పోయింది. నటులు ఉన్నచోటే ఆగాలి. వెలుగు రాగానే ఆగిన వాక్యానికి ముందు వాక్యం నుంచి. ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.
- ఒక నటుడికి జ్వరం. దర్శకుడు పుస్తకం పట్టుకుని చదవడం సిగ్గుపడే పని కాదు, ప్రేక్షకులకు ముందే చెప్పండి. నాటిక రద్దు చేయడం కన్నా ఇదే మేలు.
- హాల్లో చంటిపిల్ల ఏడుస్తోంది. మైకులో ఏమీ అనొద్దు. బయట రెండు కుర్చీలు, ఫ్యాను పెట్టి ఉంచితే తల్లి తనే వెళుతుంది.

రచయితలతో మాటామంతీకి ప్రేక్షకుల ప్రశ్నలు ముందే మూడు సిద్ధం చేసుకోండి. లేకపోతే మొదట లేచిన పెద్దమనిషి ప్రశ్న అని మొదలుపెట్టి తన నాటకానుభవం పదిహేను నిమిషాలు చెబుతారు.

## 14. ఆట అయ్యాక

మేకప్ తుడుచుకునే ముందే టబ్బులు నింపాలి. రాత్రి అందరూ ఫొటోల హడావిడిలో ఉంటారు, ఆ గంటలోనే చేతి గడియారాలు, అద్దాలు, అరువు తెచ్చిన చెంబులు మాయమవుతాయి. నేల మీద టేపులన్నీ పీకేయండి, ఒక్క ముక్క మిగిలినా డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది.

పారితోషికాల కవర్లు ఆ రాత్రే ఇవ్వాలి. వారం లోపల నలుగురు దర్శకులు, స్టేజి మేనేజర్ ఒక గంట కూర్చుని ఏ నాటిక ఎన్ని నిమిషాలు నడిచింది, ఏ మార్పిడి ఎంత పట్టింది రాసుకోవాలి. రచయితకు ప్రదర్శన స్క్రిప్టు ఇవ్వాలి, రిహార్సల్‌లో జరిగిన కోతలన్నీ ఎక్కించి.

ఇక ఆ నులక మంచం. అది ఎవరింట్లోంచి తెచ్చారో జాబితాలో రాసుకున్నారు కదా? రేపు పంపిద్దాంలే అనుకోవద్దు, అదే ట్రాలీలో ఆ రాత్రే పంపేయండి. ఆ ఇంట్లో దాని మీద పడుకునే మనిషి ఉంటాడు.